నాడెకు నూనె, తుపాకికి నూనె

పోయిన నెల కదురు గురించి రాస్తే ముగ్గురు ఫోన్ చేశారు. ఇద్దరు మెచ్చుకున్నారు, ఒకాయన కొట్లాడారు. ఈ నెల ఎంతమంది కొట్లాడతారో తెలియదు, ఎందుకంటే ఈసారి తుపాకి గురించి రాస్తున్నా. భయపడకండి. తుపాకిలో ఇనుము సంగతి నాకేమీ తెలియదు. దాని కర్ర సంగతి మటుకే. ఆ కర్రకు ఏ నూనె పెట్టాలి, ఏ పాలిష్ పెట్టాలి అనేది నాలుగు నెలలు మా ఇంట్లో పెద్ద పంచాయితీ అయింది.

మా చిన్నబిడ్డ వాళ్ళు అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఉంటారు. మనవడికి 15 ఏళ్ళు. వాడికి పక్కింటి ముసలాయనతో దోస్తీ. ఆయన కూడా నాలాగే రిటైరు మనిషి, ఫ్యాక్టరీలో లేతు మిషన్ మీద పని చేసేవాడట. ఇప్పుడు గ్యారేజీలో కూచొని పాతకాలం తుపాకులు చేసుకుంటాడు. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండు దిగ్గొట్టి, చెకుముకి రాయి నిప్పుతో పేల్చే రకం. మన ఊళ్ళల్లో పెద్దోళ్ళు భర్మార్ తుపాకి అనేవాళ్ళు, ఇక్కడ షోలాపూర్‌లో ఠాసణీచీ బందూక్ అంటారు. ఆ రాష్ట్రంలో ఇది పాత ముచ్చటే. 1700ల్లో జర్మనీ నుంచి వచ్చి లాంకాస్టర్ చుట్టుపక్కల కుదురుకున్న పనివాళ్ళు ఇట్లాంటి పొడుగు గొట్టం తుపాకులు చేసి పేరు తెచ్చుకున్నారు. ఈనాటికీ అక్కడ క్రిస్మస్ అయ్యాక చెకుముకి తుపాకులకని విడిగా వేట రోజులు ఇస్తారు.

ఇప్పుడు ఆ తుపాకి విడిభాగాల పెట్టెగా దొరుకుతుంది. దాన్ని కిట్ అంటారు. గొట్టం, చెకుముకి యంత్రం, ముప్పాతిక వంతు చెక్కిన కర్ర, ఇత్తడి ముక్కలు, మరలు. మిగిలిన పని మనదే. ఆకురాయితో రాకాలి, కూర్చాలి, గరుకు కాయితం కొట్టాలి, రంగు, నూనె పెట్టాలి. అక్కడి 1968 చట్టంలో ఈ పాత రకాన్ని మిగతా తుపాకుల లెక్కన చూడరు, అందుకే ఇంటికి పార్సిల్‌లో వస్తుంది. మన దగ్గర అట్ల కాదు. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా ఇది కూడా నేరమే. మన పిల్లలు ఎవరూ ఇది చదివి మోజు పడొద్దు.

మా బిడ్డ మొదట ఒప్పుకోలేదు. "తుపాకి ఇంట్లకు వస్తే నేను ఊకోను" అన్నది. చివరికి, మందూ యంత్రమూ ముసలాయన బీరువాలో తాళం కింద ఉండాలి, కాగితం గురి తప్ప దేని మీదా కాల్చొద్దు, అదీ ఆయన పక్కన ఉంటేనే, అని మాట తీసుకుని ఒప్పుకుంది. ఇట్ల కర్ర ఒక్కటే వాళ్ళ గ్యారేజీకి వచ్చింది.

ఒక ఆదివారం పొద్దున వీడియో ఫోన్ చేశాడు.

"తాతా, నువ్వు మిల్లుల నాడెలకు నూనె పెట్టెటోడివట కదా? మమ్మీ చెప్పింది. దీనికేం పెట్టాలె?"

ఇరవై ఏళ్ళు అయింది నన్ను ఎవరైనా పని గురించి ఒక మాట అడిగి. నేను లూమ్ షెడ్డులో హెల్పరుగా చేరి జాబర్ దాకా వచ్చినవాణ్ణి. నాడె గురించి అడిగితే ఊరుకుంటానా.

మీ ఇళ్ళల్లో కొత్తతరం పిల్లలకు తెలియదు కాబట్టి చెప్తున్నా. మిల్లు మగ్గం నిమిషానికి 160, 170 సార్లు నాడెను అటూ ఇటూ కొడుతుంది. రెండు కొసలకూ ఇనుప ములుకులు, నడుమ కర్ర. ఆ కర్ర నున్నగా ఉండాలి, కానీ దానికి పాలిష్ ఉండకూడదు. పాలిష్ అంటే కర్ర మీద ఒక తొడుగు. దెబ్బకు దెబ్బకు ఆ తొడుగు పెచ్చు లేస్తుంది. పెచ్చు లేస్తే పడుగు దారాన్ని పట్టుకుంటుంది. దారం తెగి నాడె నడిమధ్యలో చిక్కుకుందంటే వందల దారాలు ఒక్కసారి పోతాయి, ఆ రోజు నేతగాడి కూలీ కూడా పోతుంది. అందుకే నాడెకు నూనె తాగించేవాళ్ళం. అవిసె నూనె. ఇక్కడ రంగుల దుకాణంలో బేల్‌తేల్ అంటారు. మనం జవస చట్నీ చేసుకునే గింజదే. కానీ దుకాణం నూనె తినేది కాదు, అందులో ఆరడానికి మందులు కలుపుతారు. స్టోరు పక్క గదిలో రేకు తొట్టి ఉండేది. కొత్త నాడెలు వస్తే అందులో వారం నానబెట్టేది.

"ముంచెయ్, వారం రోజులు ముంచెయ్" అన్నాను మనవడితో.

వాడు నా మాట విన్నాడు. వానపైపును నిలువునా కోసి, రెండు కొసలు మూసి తొట్టిలాగ చేసి, అందులో పచ్చి అవిసె నూనె పోసి, నాలుగు అడుగుల కర్రను పడుకోబెట్టాడు. అప్పటికే ఆ కర్రకు ముసలాయన అందమైన రంగు తెప్పించి ఉన్నాడు. దాని మాట ఒకటి చెప్పాలి. అది మేపుల్ కర్ర, తెల్లగా ఉంటుంది, లోపల పులి చారల్లాగ అడ్డ చారలు. ఇనుము కరిగించిన ఒక ఆమ్లపు నీళ్ళు దానికి పూస్తారు. పూసినప్పుడు మురికి పచ్చగా ఉంటుంది. వేడిగాలి తగిలిస్తే కళ్ళముందే ఎర్రటి గోధుమ రంగు తిరుగుతుంది, చారలు లేచి నిలబడతాయి. తరవాత సోడా నీళ్ళతో తుడిచి ఆమ్లాన్ని చంపాలి. పొగ మంచిది కాదు కాబట్టి పిల్లవాణ్ణి దూరంగా నిలబెట్టి ఆయనే ఆరుబయట చేశాడు. నాకు వెంటనే కలంకారీ నలుపు గుర్తొచ్చింది. ఇనుప ముక్కలు బెల్లం నీళ్ళలో పులియబెట్టి, కరక్కాయ పట్టిన బట్ట మీద గీస్తే నల్లబడుతుంది కదా. బట్టకు కరక్కాయ వగరు కావాలి. మేపుల్‌లో ఆ వగరు తక్కువట, అందుకే వేడి కావాల్సి వచ్చిందని ముసలాయన చెప్పాడు. ఈ మాట తెలిసి చాలా సంతోషం వేసింది. నా సంతోషం అంతవరకే.

నాలుగో రోజు కర్ర బయటికి తీశారు. ఆరలేదు. వారం అయినా ఆరలేదు. చెయ్యి పెడితే బెల్లం పాకంలాగ అంటుకుంటున్నది. దాని మీద ధూళి, కుక్క వెంట్రుకలు. మనవడు ఏమీ అనలేదు, కానీ ఫోన్‌లో వాడి మొహం చూస్తే నాకు అన్నం దిగలేదు.

ముసలాయన చెప్పినది మా బిడ్డ తెలుగులో చెప్పింది. అవిసె నూనె నీళ్ళలాగ ఎగిరిపోయి ఆరదు. గాలి పీల్చుకుని గట్టిపడుతుంది. కర్ర లోపల గాలి ఎక్కడిది? పైన తుడవకుండా వదిలిన నూనె జిగురు పొర కట్టింది, లోపలిది పచ్చిగానే ఉంది. ఈ మాట నాకు కొత్త కాదు. మేము నాడెలను నానబెట్టింది వారం, ఆ తరవాత బాగా తుడిచి చట్రాల మీద నెల పైన ఆరబెట్టేవాళ్ళం. ఆ నెల సంగతి నేను చెప్పనే లేదు, తుడవడం సంగతీ చెప్పలేదు. చేతులు చేసిన పనిని నోరు సగమే చెప్పింది. పైగా నాడె అయిదేళ్ళు ఉండే వస్తువు కాదు, అరిగితే పారేసి కొత్తది తెచ్చేది. తుపాకి కర్ర అట్ల కాదు.

ముసలాయన టర్పెంటైన్ గుడ్డతో జిగురంతా తుడిపించి, వెచ్చటి గదిలో దండానికి వేలాడదీయించాడు. నెల రోజులు. ఆ నెలంతా తాతా మనవళ్ళం మిగతా రకాల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి నేను ముందు అడిగి, తరవాత చెప్పాను.

వాడి మనసు పాలీయురెథేన్ మీద ఉండేది. టీవీ స్టాండు మీద ఉండే మెరుపు. నీళ్ళకు మంచిదే, తొందరగా ఆరుతుంది. మా ఇంట్లో అన్నం తినే బల్లకు అదే ఉంది, పన్నెండేళ్ళు మనవలు దాని మీద ఎక్కి దూకినా ఏమీ కాలేదు. బల్లకు అదే పెట్టమంటాను. తుపాకి కర్ర చెట్టుకు తగులుతుంది, రాయికి తగులుతుంది. అప్పుడు ఆ తొడుగు చిట్లి తెల్ల గీత పడుతుంది, చీలికలోంచి నీళ్ళు కిందికి పోతాయి. ఆ ఒక్క చోటు బాగు చేద్దామంటే కలవదు, మొత్తం గీకాలి. నాడె పెచ్చు మాటే ఇది. ఈ ఒక్క విషయంలో మాత్రం నా మిల్లు తెలివి పనికొచ్చింది.

లక్క పాలిష్ అడిగాడు. మన దగ్గర చపడా అని స్పిరిట్‌లో కరిగించి పూస్తారు. కర్రకు అంత అందం ఇంకోటి ఇవ్వదు. కానీ తడి తగిలితే తెల్లబడుతుంది, వేడికి మెత్తబడుతుంది. ఈ తుపాకి పేల్చినప్పుడు పక్కన గిన్నెలో మందు భగ్గుమంటుంది. కాల్చాక గొట్టంలో మిగిలే మసిని నీళ్ళతో కడగాలి, లేకపోతే ఇనుము తుప్పు పడుతుంది. ఒక పక్క నిప్పు, ఒక పక్క నీళ్ళు. లక్కకు రెండూ పడవు.

టంగ్ నూనె అని చైనా చెట్టు గింజలది ఒకటి ఉంది. నీళ్ళకు అవిసె కన్నా బాగా ఆగుతుంది. కానీ ఒక్కో పూత ఆరడానికి రోజులు పడుతుంది. డబ్బా మీద టంగ్ అని రాసి లోపల వార్నిష్ కలిపి అమ్మేవి కూడా ఉన్నాయి, అందుకని వెనక చిన్న అక్షరాలు చదవాలి. బాయిల్డ్ అవిసె నూనె కూడా అంతే. పేరుకే కాచినది, నిజానికి ఆరే మందులు కలిపినది. పచ్చి నూనె తెచ్చి పొయ్యి మీద కాస్తే అది అవుతుందని అనుకోకండి, ఇల్లు కాలుతుంది.

చివరికి ముసలాయన తన దగ్గర ఉన్న చిన్న సీసా ఇచ్చాడు. ట్రూ ఆయిల్ అని, తుపాకి కర్రల కోసమే అమ్ముతారు. అవిసె నూనెను మార్చి చేసినదే, పూత గంటల్లో ఆరుతుంది. చాలా పలచగా వేలితో రుద్దాలి. ఆరాక సన్న ఉక్కుపీచుతో మెరుపు చంపి మళ్ళీ రుద్దాలి. ఏ చోట గీత పడినా ఆ చోటనే గీకి, ఒక చుక్క వేసి వేలితో కలిపేయొచ్చు. పదిహేనేళ్ళవాడు తన చేత్తో తానే బాగు చేసుకోగలిగింది ఇది ఒక్కటే అని నాకు అనిపించింది. వాడూ ఒప్పుకున్నాడు, కానీ "తాతా, షైన్ కొంచెం ఉంచుతా" అని బేరం ఆడాడు. ఉంచుకోమన్నాను.

ఇక్కడ ఇంకో మాట రాయాలి. ఇది రాయాలా వద్దా అని రెండు నెలలు ఆగాను.

జిగురు తుడిచిన రోజు నేను వీడియోలో చూస్తున్నా. మనవడు తుడిచిన గుడ్డలను ఉండ చేసి బల్ల కింద అట్టపెట్టెలో పడేశాడు. ముసలాయన ఒక్క అరుపు అరిచి ఆ పెట్టెను బయటికి లాక్కుపోయాడు. మనవడు నూనె డబ్బా తీసుకుని దాని మీద రాసింది చదివి నవ్వాడు.

"తాతా, ఈ గుడ్డలు వాటంతట అవే అంటుకుంటయట!"

నేను కూడా నవ్వాను. అగ్గిపుల్ల లేకుండా గుడ్డ ఎట్ల అంటుకుంటుంది అని. ముసలాయన వచ్చి చెప్పాడు. నూనె గాలి పీల్చుకుని గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డ పరిచి ఉంటే ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. ఉండ చేసి కుప్పగా వేస్తే లోపలే ఉండిపోయి, పెరిగి పెరిగి గంటల తరవాత పొగ లేచి మంట అవుతుంది. నూలు గుడ్డ అయితే మరీ.

నా నవ్వు ఆగిపోయింది.

1984 ఎండాకాలం. మా షెడ్డులో నాడెల తొట్టి గదిలో సోమవారం పొద్దున తలుపు తీస్తే కర్ర పెట్టె ఒకటి కాలి బొగ్గయి ఉంది, గోడ సగం నల్లగా ఉంది. అదృష్టం, మంట దారం బండిళ్ళ దాకా పోలేదు. ఆ పెట్టెలో ఉన్నది నూనె తుడిచిన కాటన్ వేస్ట్. శనివారం సాయంత్రం నాడెలు తుడిచి దాన్ని అందులో కుక్కింది నేనే. విచారణలో వేస్ట్ ఎవరిదని అడిగితే నాకు తెలియదన్నాను. ఉద్యోగం పోతుందని భయం, పెళ్ళయి ఆరు నెలలు. శనివారం రాత్రి ఆ గది పక్కన పడుకున్న బదిలీ కార్మికుడు ఒకాయన ఉన్నాడు, మనవాడే. బీడీ తాగి పడేశాడని ఆయన మీద రాశారు. నేను తాగలేదు, నా జేబులో బీడీలే లేవు అని ఆయన మొత్తుకున్నాడు. నేను కూడా బీడీయే అనుకున్నాను. నమ్ముకున్నాను అనాలి. వేరే ఎట్ల అంటుకుంటుంది మరి? ఆయనకు ఇగ బదిలీ ఇవ్వలేదు. కొన్ని నెలలు చూసి పిల్లలను తీసుకుని భివండీ పవర్‌లూములకు పోయాడు. మళ్ళీ నేను చూడలేదు.

పేరు రాయను. రాస్తే బీడీ మాట మళ్ళీ పైకి వస్తుంది. ఆయన ఉంటే డెబ్బై అయిదు దాటి ఉంటుంది. ఈ పత్రిక భివండీకి కూడా పోతుంది. ఆయన కొడుకులు, బిడ్డలు ఎవరైనా ఇది చదివితే, షోలాపూర్ మిల్లులో మంట మాట ఇంట్లో ఎప్పుడైనా విని ఉంటే, తెలుసుకోండి. మీ నాయన బీడీ తాగలేదు. ఆ వేస్ట్ నాది. నూనె వేస్ట్ దానంతట అదే అంటుకుంటుందని నాకు మొన్న తెలిసింది, కానీ అది నాదని ఆ రోజే తెలుసు. నా నంబరు పత్రిక ఆఫీసులో ఉంది. మీరు ఫోన్ చేసినా సరే, రమ్మన్నా వస్తాను.

మన ఇళ్ళల్లో తలుపులకు, నులక మంచం కోళ్ళకు, గొడ్డలి కామలకు ఇంకా బేల్‌తేల్ పెట్టేవాళ్ళు ఉన్నారు. ఆ తుడిచిన గుడ్డలను ఉండ చేయకండి. ఆరుబయట తీగ మీద ఒక్కొక్కటి విప్పి ఆరేయండి, లేదా రేకు డబ్బాలో నీళ్ళు పోసి ముంచి మూత పెట్టండి. మా కోడలు మొన్న తలుపుకు పెట్టి గుడ్డలను గోనెసంచిలో వేసింది. నేను అరిస్తే తాతకు ఏదో అయింది అనుకుంది.

తుపాకి కర్ర మాటకు వస్తే, ఏడు పూతలు అయ్యాయి. మొదటి రెండు పూతలకు ముందు నీళ్ళ గుడ్డతో తడిపి, ఆరినాక లేచిన నూగును గరుకు కాయితంతో తీయాల్సి వచ్చింది, ఆ పని వాడు బాగా చేశాడు. ఇంకో ముచ్చట. ఆ గుండు చుట్టూ చుట్టి గొట్టంలోకి దింపే గుడ్డ ముక్క నూలుదే ఉండాలట, దట్టంగా నేసిన చారల బట్ట, అంటే మన గాదీపాట్ లాంటిదే. పరుపులకు కుట్టేది. ఇక్కడి నుంచి రెండు గజాలు పంపమంటున్నాడు. ఎంత మందం కావాలో కొలిచి చెప్పమన్నాను, పోగులు లెక్కపెట్టి పంపిస్తా.

మొన్న ఆదివారం మొత్తం బిగించి చూపించాడు. చారలు పులిలాగే ఉన్నాయి. మెరుపు నాకు కొంచెం ఎక్కువే అనిపించింది, అనలేదు. అంతా బాగుంది, గొట్టం కూచునే కాలువ లోపల, యంత్రం పెట్టిన గుంతలో, మడమ ఇత్తడి కింద కూడా నూనె పట్టించినావా అని అడిగాను. కడిగిన నీళ్ళు పోయేది అక్కడికే కదా, కర్ర కొసలు నీళ్ళు గుంజేది అక్కడే.

వాడు నాలుక కరుచుకున్నాడు. "పైన ఒక్కటే పెట్టిన తాతా."

మళ్ళీ మరలన్నీ విప్పుతున్నాడు. ఇంకో వారం పడుతుందట.